రాతి మీద కేరెట్

ఆ దుకాణంలో ఒక రూలు ఉంది. కింద సంతకం ఉన్న కాగితాన్నే రాయికి అంటించాలి. అంటించాక కాగితం మీద ఏముంటే అదే చెక్కాలి. ఒక చుక్క పెరగకూడదు, ఒక చుక్క తగ్గకూడదు. సంతకం పెట్టే మనిషి ఒక్కడే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయనే పెడుతున్నాడు. ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. తప్పులు పడతాడు కాబట్టి ఆ పేరు పడింది.

అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కుతారు. వాళ్ల తాలూకు మనుషులు పేరు, తేదీలు, రెండు ముక్కలు రాసి తెస్తారు. దాన్ని కంప్యూటర్లో కూర్చి రాయి కొలతకి ప్రింటు తీస్తారు. మాస్టారు ఎర్ర పెన్సిలుతో తప్పులు గుర్తుపెడతాడు. అవి దిద్ది మళ్లీ ప్రింటు తీస్తారు. అదీ ఆయనే చదువుతాడు. పేర్ల జాబితా అయితే కింది నుంచి పైకి చదువుతాడు, కన్ను జారిపోకుండా. ఎర్ర గీత ఒక్కటి కూడా లేని కాగితం చేతికి వచ్చాకే కింది అంచున సంతకం పెడతాడు. అప్పుడు ఆ కాగితాన్ని రాయికి అంటించి, దాని మీదుగానే చెక్కుతారు.

చెక్కే మనిషిని దుమ్ము బాబాయి అంటారు. ఆయన జుట్టు వయసుకి తెల్లబడిందో, రాతి పొడికి తెల్లబడిందో ఎవరికీ తెలియదు. బాబాయికి చదువు వచ్చు. చెక్కేటప్పుడు మాత్రం చదవడు.

"చదివితే ఎవరో ఏమిటో తెలిసిపోతుంది మాస్టారూ. ఏ చంటిపిల్లో అని తెలిసిందనుకోండి, ఇంక ఉలి చెప్పిన మాట వినదు. నాకెందుకొచ్చిన గొడవ! గీతలు గీతల్లాగే చూస్తా," అంటాడు.

మాస్టారికి ఒక్కతే కూతురు. ఏడో నెలలోనే పుట్టింది. "దీనికంత తొందరేమొచ్చిందండీ" అని వాళ్లమ్మ అన్న మాటలోని తొందరే ఇంట్లో పేరైపోయింది. తొందర నిలబడి తినేది, మెట్లు రెండేసి చొప్పున దిగేది, ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది. ఎనిమిదేళ్లప్పుడు ఒక రోజు బడి నుంచి తిన్నగా దుకాణానికి వచ్చి, తండ్రి మోచేతి కిందుగా తల దూర్చి కాగితం చూసింది. రెండు మాటల మధ్య, కిందుగా, ఎర్రగా ఒక గుర్తు ఉంది.

"నాన్నా, ఈ పిట్టముక్కేంటి?"

"కేరెట్."

"కూరలో వేస్తారు, అదా?"

"అది కాదు. నగల షాపువాళ్లదీ కాదు. ఇది లాటిన్ మాట. కేరెట్ అంటే 'లేదు', 'ఇక్కడ ఒకటి తక్కువైంది' అని. ఉండాల్సింది ఉండాల్సిన చోట లేకపోతే, ఆ సందులో కింద ఈ ముక్కు పెట్టి, లేనిదేదో దాని పైన రాస్తాం."

"లాటిన్ మాట్లాడేవాళ్లు ఎక్కడుంటారు?"

"ఇప్పుడెవరూ మాట్లాడరు."

"అయితే వాళ్లకీ కేరెట్టే," అంది తొందర.

ఆ రోజు నుంచి ఆ మాట ఇంట్లోకి వచ్చి కూర్చుంది. కూరలో ఉప్పు తక్కువైతే "అమ్మా, కూరలో కేరెట్" అనేది. ఒకసారి పక్కింటి పిన్ని అది విని, "నా కంచంలో ఒక్క ముక్కా రాలేదే" అని గరిటెతో వెతుక్కుంది. తండ్రి చొక్కాకి గుండీ ఊడితే ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టేది. గుమ్మం ముందు తల్లీ కూతుళ్లు నిలబడగా మాస్టారు తీసిన ఫోటో ఒకటి గోడకి ఉండేది. ఇద్దరి మధ్య కింద పెన్నుతో పిట్టముక్కు గీసి, పైన ఖాళీలో "నాన్న" అని రాసింది. ఫోటో పాడుచేసిందని తల్లి నాలుగు తిట్టింది. మాస్టారు మాత్రం, "గుర్తు సరైన చోటే పెట్టింది" అన్నాడు.

ఇరవై రెండేళ్లు నిండాక తొందరకి దారం మిల్లులో, మూడో సెక్షన్లో పని దొరికింది. బుధవారం సాయంత్రం దరఖాస్తు ఫారం నింపి తెచ్చింది. దాని కింద "రేపటి నుంచి రావచ్చు" అని సెక్షను పెద్దావిడ సంతకం చేసి ఉంది. ఫారం మర్నాడు ఆఫీసులో ఇస్తే సరిపోతుంది. మాస్టారు అలవాటు కొద్దీ చదివాడు. చిరునామాలో వీధి పేరుంది, డోరు నంబరు లేదు. పెన్సిలు తీసి ఆ సందులో కేరెట్ పెట్టాడు.

"ఇలా ఇవ్వకు. ఇంకో ఫారం తెచ్చుకుని శుభ్రంగా రాయి."

"నాన్నా, పనికి పోయేది నేను, మన ఇల్లు కాదు. డోరు నంబరు ఎవడిక్కావాలి?"

"కావాలి."

"సరే మహాప్రభో. కొత్త ఫారం తెస్తా, ఆదివారం తీరిగ్గా రాస్తా, మీరు కింది నుంచి పైకి చదువుకోండి." ఎర్ర గుర్తున్న ఫారాన్ని అల్మరా మీద పడేసింది.

గురువారం పనికి వెళ్లింది. శుక్రవారం వెళ్లింది. శనివారం పొద్దున పదిన్నరకి మిల్లులో బాయిలరు పేలి మూడో సెక్షను గోడ కూలింది. మూడో సెక్షన్లో ముగ్గురు బతికి బయటపడ్డారు. రెండు రోజుల కిందట చేరిన పిల్ల పేరు ఆ ముగ్గురికీ తెలియదు. సంతకం చేసిన సెక్షను పెద్దావిడా పోయింది. హాజరు పుస్తకంలో తొందర పేరు లేదు, ఆఫీసులో దరఖాస్తు లేదు, కాబట్టి ఆమె మిల్లు మనిషి కాదు, ఎవరినో చూడటానికి వచ్చి ఉండవచ్చు అని మిల్లు నుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారు ఆ ఉత్తరం చదివి మడిచి పెట్టేశాడు. అల్మరా వైపు చూడలేదు.

ఏడాది గడవబోతుండగా మిల్లు వాళ్ల పని దుకాణానికి వచ్చింది. గేటు దగ్గర నిలబెట్టే రాయి. పోయినవాళ్ల పేర్లు, సెక్షన్ల వారీగా. దుకాణం ఓనరమ్మ కవరు చేతిలో పట్టుకుని చాలాసేపు బల్ల చుట్టూ తిరిగింది.

"మాస్టారూ, ఈ పని వేరే షాపుకి పంపించేస్తాను."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను."

"ఇవ్వండి," అన్నాడు.

కింది నుంచి పైకి చదివాడు. నలభై ఒక్క పేర్లు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. సంతకం పెట్టకుండా కాగితాన్ని సొరుగులో పెట్టి ఇంటికి వెళ్లాడు.

భార్య బట్టలు మడతపెడుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని, చెప్పులు విప్పకుండానే అన్నాడు.

"మిల్లు వాళ్ల రాయి మా షాపుకే వచ్చింది."

"ఎంతమంది?"

"నలభై ఒకటి."

"నలభై రెండు," అంది ఆమె.

"ఇచ్చిన కాగితంలో లేని పేరు నేను వెయ్యకూడదు. నీకు తెలుసు."

"వెయ్యమని ఎవరన్నారండీ? అడగమంటున్నా. అనుమానం వస్తే పక్కన ప్రశ్న రాసి అడగొచ్చు అంటారుగా, ముప్ఫై ఏళ్ల నుంచి వింటున్నా. ఇప్పుడు అనుమానం రాలేదా మీకు?"

మర్నాడు ఆయన కాగితం చుట్టి చంకలో పెట్టుకుని మిల్లుకి వెళ్లాడు. మేనేజరు ప్రమాదం తర్వాత వచ్చిన మనిషి, మాస్టారి కంటే పాతికేళ్లు చిన్న. లేచి కుర్చీ చూపించాడు. అంతా విన్నాడు.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇచ్చిన కాగితంలో లేని పేరు మీరు చెక్కనిస్తారా?"

"ఇవ్వను."

"నాదీ అదే బాధ. పుస్తకంలో లేని పేరు నేనెలా ఇచ్చేది?" కాసేపు బల్ల మీది గాజు బిళ్లని అటూ ఇటూ తిప్పాడు. "ఆ అమ్మాయి చేతిరాతతో ఏదైనా ఉందా? తేదీ ఉండాలి, మా వాళ్లెవరిదైనా సంతకం ఉండాలి. అలాంటిది ఒక్క కాగితం ఉన్నా కమిటీ ముందు పెడతాను."

మాస్టారు లేచాడు. కాగితం చుట్టుకుని బయటికి వచ్చాడు.

ఇంట్లో ఆ మాట చెప్పగానే భార్య లేచి లోపలికి వెళ్లింది. బీరువాలో దుప్పట్ల కింది నుంచి ఫారం తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఎర్ర గుర్తు అలాగే ఉంది.

"ఇది నీ దగ్గరుందా?"

"ఎక్కడికి పోతుంది?"

"ఏడాది నుంచీ చెప్పలేదే."

"మీకు తెలీదా ఉందని?"

ఆయన ఫారం అంచు మడతని వేలితో సరిచేశాడు.

"మీరే తీస్తారని చూశానండీ. మీరు తియ్యకుండా నేను తీస్తే, ఎత్తి చూపినట్టుంటుందని ఊరుకున్నా." ఆమె మళ్లీ బట్టల దగ్గర కూర్చుంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

మర్నాడు మేనేజరు ఫారాన్ని రెండు వైపులా చూశాడు. తేదీ చూశాడు. సెక్షను పెద్దావిడ సంతకాన్ని పాత కాగితాలతో సరిచూశాడు. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా మాస్టారూ. మరి ఇది ఆఫీసుకి ఎందుకు రాలేదు?"

"నేను ఆపాను."

"మీరా?"

"డోరు నంబరు లేదు. మళ్లీ రాయమన్నాను." వేలితో కేరెట్ చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

మేనేజరు ఆ గుర్తు వైపు చూశాడు, ఆయన వైపు చూడలేదు. "డోరు నంబరు గడి మేం ఎవరిదీ చూడం," అనబోయి మధ్యలో ఆపేశాడు. మాస్టారికి మిగతాది అర్థమైంది. తల ఊపాడు.

నాలుగు రోజులకి మిల్లు ముద్రతో ఉత్తరం వచ్చింది. మూడో సెక్షన్లో ఆ పేరు చేర్చవచ్చు అని అందులో ఉంది. ఓనరమ్మ పని మీద బయటికి వెళ్లింది. బాబాయి వెనక వసారాలో రాయికి నీళ్లు పోస్తున్నాడు. మాస్టారు చేతులు కడుక్కున్నాడు. సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మూడో సెక్షన్లో అక్షరాల వరసలో తన కూతురి పేరు ఏడో పేరుకీ ఎనిమిదో పేరుకీ మధ్య రావాలి. ఆ సందులో కేరెట్ పెట్టాడు. పైన పేరు రాశాడు. ఆ పేరు ఆయన ఏడాదిగా ఎక్కడా రాయలేదు. ఒక్కో అక్షరం రాసి ఆగాడు. రాశాక కింది నుంచి పైకి లెక్కపెట్టాడు. నలభై రెండు. పెన్సిలు కింద పెట్టి, పెన్ను తీసి, కింది అంచున సంతకం పెట్టాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎర్ర గీత ఉన్న కాగితం మీద ఆయన పెట్టిన సంతకం అదొక్కటే. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది, పెట్టినట్టు ఆయనకి తెలియదు.

ఆ సాయంత్రమే జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆరు రోజులు మంచం దిగలేదు. ఏడో రోజు దుకాణానికి వస్తే రాయి అయిపోయి వసారాలో గోడకి ఆనించి ఉంది. కాగితం పూర్తిగా ఊడదీసి కడిగారు. మాస్టారు తడిగుడ్డ తీసుకుని, అలవాటు ప్రకారం కింది నుంచి మొదలుపెట్టాడు. మూడో సెక్షను దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పేర్లన్నీ ఒకే కొలతలో, అచ్చు అక్షరాలతో ఉన్నాయి. ఏడో పేరుకీ ఎనిమిదో పేరుకీ మధ్య కిందుగా పిట్టముక్కు ఉంది. పైన, రెండు వరసల సందులో, చిన్న అక్షరాలతో, ఆయన చేతిరాతతో, ఆ పేరు ఉంది. చివరి అక్షరం దగ్గర పెన్సిలు ఒణికిన చోటు కూడా ఒణికినట్టే చెక్కి ఉంది.

"బాబాయ్," అని పిలిచాడు.

బాబాయి వచ్చి చూసి, ఆయన ముఖం చూసి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "సంతకం ఉంది మాస్టారూ. కావాలంటే కాగితం ముక్క దాచా, చూడండి."

"ఎర్రగా ఉంది కదయ్యా. ఎర్రగా ఉన్నది ఏనాడైనా చెక్కావా?"

"లేదు. అదే మొదటిసారి. పేరు చదవలేదు, ఒట్టు. కానీ రాత మీదని తెలుసు. మిల్లు వాళ్ల రాయి అని తెలుసు. మీ చేత్తోనే ఉండాలని మీరే అలా రాసి సంతకం పెట్టారనుకున్నా. అడుగుదామంటే మీకు జ్వరం." తలపాగాతో కళ్లు తుడుచుకున్నాడు. రాతి పొడి పడి కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి. "నాదే తప్పంటారా?"

"కాదు. సంతకం నాది."

ఓనరమ్మ మేనేజరుకి ఫోను చేసింది. రాయి ముఖం మొత్తం అరగదీసి మళ్లీ చెక్కాలంటే మూడు వారాలు పడుతుందని, రాయి నిలబెట్టేది ఈ ఆదివారమేనని చెప్పింది. మేనేజరు వచ్చాడు. వంగి చూశాడు.

"ఈ గుర్తు ఆ ఫారంలోనూ చూశాను."

"అదే," అన్నాడు మాస్టారు. "ఇక్కడ ఒకటి తక్కువైంది అని దాని అర్థం. అది కాగితం మీద ఉండాల్సిందే గానీ రాయి మీద ఉండకూడదు. తప్పు. తీయించండి."

"తీస్తే పేరు కూడా పోతుందా?"

"అన్నీ పోతాయి. మళ్లీ చెక్కాలి."

"అందాకా?"

మాస్టారు రాయి వైపు చూశాడు. డోరు నంబరు లేదని నాలుగు రోజులు ఆగమన్న మనిషి ఆయన. ఇప్పుడు మూడు వారాలు ఆగమనడానికి నోరు రాలేదు.

"అలాగే పంపించండి," అన్నాడు.

ఆదివారం మిల్లు గేటు దగ్గర కుర్చీలు వేశారు. నలుగురు మాట్లాడారు. తర్వాత అందరూ లేచి, ఎవరి పేరు దగ్గరికి వాళ్లు వెళ్లారు. మాస్టారి భార్య మిగతా పేర్లు చూడలేదు. తిన్నగా వెళ్లి ఆ సందులో వేలు పెట్టింది. వేలు గుర్తు వెంట ఒక పక్క నుంచి ఎక్కి రెండో పక్కకి దిగింది. "సరైన చోటే పెట్టారు," అంది. అని, ఒక్కసారిగా అక్కడే కూర్చుండిపోయింది. మాస్టారు ఆమె పక్కనే నిలబడ్డాడు. వంగలేక, వదిలి వెళ్లలేక, రాయిని పట్టుకుని నిలబడ్డాడు.

పక్కన ఒకావిడ ఉంది. ఎనిమిదో పేరు ఆమె కొడుకుది. చేతి రుమాలుతో ఆ పేరు తుడుస్తూ తుడుస్తూ ఆ గుర్తు దగ్గర ఆగింది.

"అన్నయ్యగారూ, ఇదేంటండీ? ఈ అమ్మాయికొక్కదానికే ఉంది?"

"అది కేరెట్ అమ్మా. మా పనిలో వాడే గుర్తు."

"అంటే?"

ఆయన ఎన్నోసార్లు చెప్పిన అర్థమే చెప్పాడు. ఉండాల్సిన మనిషి, ఉండాల్సిన చోట లేదు అని.

ఆవిడ కొడుకు పేరు కింద, కేరెట్ ఉండాల్సిన చోట, వేలితో తడిమి చూసింది. అక్కడ రాయి నున్నగా ఉంది.

"మరి మావాడికి లేదేంటండీ?"

మాస్టారు కింది నుంచి పైకి చూశాడు. ఒక్కో పేరూ, ఒక్కో సందూ చూసుకుంటూ మొదటి వరస దాకా వెళ్లాడు. చూడటం అయ్యేదాకా ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

"నలభై ఒక్క చోట్ల వదిలేశాను," అన్నాడు. "నేను చూసుకోలేదమ్మా."